తాత పెన్నుకు సూపర్ గ్లూ పెట్టకండి

మన దిక్కు ఇళ్లల్లో పాత సందుగలు ఇంకా ఉన్నాయి. పెబ్బేరు, కొత్తకోట, వనపర్తి, గద్వాల ఎక్కడైనా సరే, ఆ సందుగ తెరిస్తే పాత రసీదులు, పెళ్లి శుభలేఖలు, అద్దం పగిలిన కళ్లజోడు కనిపిస్తాయి. వాటి అడుగున చాలాసార్లు ఒక ఇంకు పెన్ను కూడా ఉంటుంది. 1980ల్లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా పహాణీలన్నీ చేతిరాతే కదా. పట్వారీ, బడిపంతులు, పోస్టుమాస్టరు, వకీలు దగ్గర గుమస్తా, వీళ్లందరి జేబుల్లో ఉన్న పెన్నులే అవి. ఇప్పుడు రాయవు. ఒకదానికి మూత అంచు చీలి ఉంటుంది. ఇంకోదానికి పాళీ వంకర. మరోదాని లోపల రబ్బరు తిత్తి రాయిలా గట్టిపడి గలగలమంటుంది.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, రాసేది ఎక్కువగా ఫోన్లు, గ్యాడ్జెట్ల గురించి. అయినా ఈ మధ్య నాకొచ్చే మెసేజీల్లో "తాత పెన్ను ఉంది అన్నా, బాగవుతుందా?" అన్నవి పెరిగాయి. కింద ఫొటో ఉంటుంది. సగం ఫొటోల్లో పెన్ను మీద తెల్లటి మచ్చ కనిపిస్తుంది. అది చూడగానే విషయం అర్థమైపోతుంది. ఎవరో ఇప్పటికే సూపర్ గ్లూ పెట్టారు.

ఆ జిగురు చేసే నష్టం ఏమిటంటే, అది త్వరగా అతుకుతుంది కానీ పెళుసు. మూత పెట్టి తీసేటప్పుడు పడే ఒత్తిడికి మళ్లీ విరుగుతుంది. దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లటి పొరలా పేరుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, చీలిక లోపల ఒకసారి అది నిండిపోయాక సరైన పద్ధతిలో అతికించే అవకాశం పోతుంది. ఫోన్ స్క్రీన్ పగిలితే కొత్తది వేయిస్తాం. యాభై అరవై ఏళ్ల కిందటి పెన్ను మూత ఇప్పుడు ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కావడం లేదు. మొదటి రిపేరు ఎలా చేశామన్నదాన్ని బట్టే రెండో రిపేరుకు ఆస్కారం ఉంటుందా లేదా అన్నది తేలుతుంది.

ముందు వాసన చూడండి

నవ్వకండి. నిజంగానే అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. పాత పెన్ను ఒళ్లు ఎక్కువగా మూడు రకాల పదార్థాల్లో ఒకటై ఉంటుంది: ఎబొనైట్, సెల్యులాయిడ్, అక్రిలిక్. మూడూ చూడ్డానికి నల్లగా, నున్నగా ఒకేలా ఉండొచ్చు. మూడింటికీ వైద్యం వేరు. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదాన్ని పాడుచేస్తుంది.

ఎబొనైట్ పేరు మీరు విన్నదే. స్కూల్లో భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నితో రుద్ది కాగితం ముక్కల్ని ఆకర్షింపజేసే నల్ల కడ్డీ గుర్తుందా? అదే ఇది. సహజ రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాళ్లలో కలిపి గంటల తరబడి వేడిచేస్తే సాగే రబ్బరు కాస్తా కట్టెలా గట్టిపడుతుంది. నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆ కాలంలో ఇంకుకు, ఆమ్లాలకు చలించని గట్టి పదార్థం అంటే ఇదే. బొటనవేలితో అరనిమిషం గట్టిగా రుద్ది వాసన చూస్తే గంధకం వాసన, అగ్గిపుల్ల వాసనలాంటిది, తగులుతుంది. మన తెలుగు రాష్ట్రాల్లో చేసిన పాత చేతిపని పెన్నుల్లో ఎక్కువ భాగం ఇవే.

సెల్యులాయిడ్ అయితే కర్పూరం వాసన వస్తుంది. దాని తయారీలో నిజంగానే కర్పూరం కలుపుతారు. పాలరాతి చారలు, ముత్యపు మెరుపులున్న 1920ల, 30ల విదేశీ పెన్నులు ఈ రకం. ఇది నిప్పుకు భగ్గున అంటుకుంటుంది. "సూది కాల్చి గుచ్చి చూడు, తెలిసిపోతుంది" అని కొందరు చెప్పే చిట్కా జోలికి అందుకే వెళ్లొద్దు. ఇక ఏ వాసనా రాకుండా, చల్లగా, గాజులా ఉంటే చాలావరకు అక్రిలిక్కే. 1941లో మార్కెట్లోకి వచ్చిన పార్కర్ 51 ఒళ్లు దీంతోనే చేశారు. అక్రిలిక్‌ను, సెల్యులాయిడ్‌ను స్పిరిటుతో, శానిటైజర్‌తో తుడవకూడదు. అక్రిలిక్ మీద సన్నటి పగుళ్ల వల వచ్చేస్తుంది.

పాత ఎబొనైట్ పెన్ను నల్లరంగు పోయి ఆకుపచ్చ కలిసిన మట్టిరంగుకు తిరిగి ఉంటే, అది మురికి అనుకుని నీళ్లలో నానబెట్టేవాళ్లున్నారు. వెలుతురు, గాలి, తేమ తగిలి పైపొరలో గంధకం మార్పు చెందడం వల్ల వచ్చే రంగది. నీళ్లలో వేస్తే ఇంకా ముదురుతుంది. గరుకు కాగితం పెట్టి అరగదీస్తే నలుపు తిరిగి వస్తుంది, నిజమే. కానీ దాంతోపాటు ఒంటి మీద చెక్కిన సన్న గీతలు, కంపెనీ పేరు కూడా పోతాయి. నా వరకు నేను ఆ రంగును అలాగే వదిలేస్తాను. పెన్నుకు వయసు కనబడితే వచ్చిన నష్టమేంటి?

మూత ఎందుకు చీలుతుంది

పాత పెన్నుల్లో ఎక్కువగా దెబ్బతినే చోటు మూత అంచు. కారణం స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకంలోనే ఉంది. రాసేటప్పుడు మూతను పెన్ను వెనక భాగానికి గట్టిగా నొక్కి పెడతాం. పెన్ను ఒళ్లు కొంచెం శంఖాకారంగా ఉంటుంది కాబట్టి మూత లోపలికి దిగేకొద్దీ అంచు వెడల్పుకు సాగాల్సి వస్తుంది. బండిచక్రానికి ఇనప పట్టా బిగించినప్పుడు పట్టాలో ఎలాంటి లాగుడు పుడుతుందో ఇక్కడా అదే. కాకపోతే ఇనుము ఓర్చుకుంటుంది, ముసలి ఎబొనైట్ ఓర్చుకోదు. చిన్న గీత పడుతుంది. తర్వాత మూత పెట్టిన ప్రతిసారీ అది ఇంకాస్త పైకి పాకుతుంది.

గీత ఎందుకు ఆగకుండా పాకుతుందో ఇంగ్లిస్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1913లోనే లెక్క కట్టి చూపాడు. పగులు కొస ఎంత వాడిగా ఉంటే ఒత్తిడి అక్కడ అంత పోగవుతుంది. కాబట్టి కొసను గుండ్రంగా చేస్తే పగులు ఆగుతుంది. వంతెనల ఇనప పలకలకు పగులొస్తే దాని కొసలో రంధ్రం వేసి ఆపుతారు. పెన్ను మూతకూ అదే సూత్రం. అర మిల్లీమీటరు కంటే సన్నటి డ్రిల్లుతో, మోటారు లేకుండా వేళ్లతోనే తిప్పుతూ, చీలిక కొసలో చిన్న రంధ్రం వేస్తారు. బీటెక్‌లో ఈ చాప్టరు పరీక్ష కోసం చదివినవాళ్లు ఒకసారి భూతద్దం కింద ఈ పని చూడాలి. ఫార్ములాలో ఉన్న గీత చేతిలో ఆగిపోవడం కనిపిస్తుంది.

పగులు ఆగాక అతికించడం. సెల్యులాయిడ్‌కు జిగురు అక్కర్లేదు. అసిటోన్ లాంటి ద్రావకాన్ని సన్నటి కుంచె కొసతో చీలికలోకి అతి కొద్దిగా పంపితే రెండు అంచులూ కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అంటే అదే పదార్థంతో వెల్డింగ్ చేసినట్టు. కాకపోతే ద్రావకం పూర్తిగా ఆరడానికి రోజులు కాదు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆరేదాకా ముట్టుకోకూడదు. అక్రిలిక్‌కు వేరే ద్రావకం కావాలి. సైన్‌బోర్డులు చేసేవాళ్లు అక్రిలిక్ షీట్లు అతికించడానికి వాడేది చాలు. గాలి బాగా ఆడే చోట చేయాలి, ఆ ఆవిరి ఒంటికి మంచిది కాదు. దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు.

అసలు చిక్కు ఎబొనైట్‌తోనే. వల్కనైజ్ అయిన రబ్బరు కాబట్టి ఏ ద్రావకానికీ కరగదు. వెల్డింగ్ కుదరదు. చేయగలిగినవి రెండే. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీలో ఎబొనైట్ రజను కలిపి చీలికలో నింపడం ఒకటి. ఇది కంటికి బాగుంటుంది, బలం మాత్రం అంతంతే. మూత అంచును లేత్ మీద ఒక మెట్టు లోతుకు చెక్కి, చుట్టూ ఇత్తడి లేదా వెండి రింగు బిగించడం రెండోది. పారకు, గొడ్డలికి పిడి చీలకుండా పొన్ను తొడుగుతారు చూడండి, అచ్చం అదే. రింగు వేసిన మూత రూపం మారుతుంది, కానీ మళ్లీ చీలదు. రోజూ రాయాలనుకునే పెన్నుకైతే రింగే వేయిస్తా. అలమారలో పెట్టుకునే పెన్నుకైతే ఏమీ చేయను, మూతను వెనక తగిలించవద్దని మాత్రం చెబుతా.

లక్క చేసే మేలు

లోపల తిత్తి ఉన్న పెన్నుల సంగతి వేరు. పక్కన చిన్న మీట ఉండి, దాన్ని ఎత్తితే ఇంకు పీల్చుకునే పద్ధతికి అమెరికాలో వాల్టర్ షేఫర్ అనే నగల వ్యాపారి 1908లో పేటెంటు పొందాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. మీట లోపలి రేకును నొక్కుతుంది, రేకు తిత్తిని నొక్కుతుంది, వదిలితే తిత్తి ఉబ్బి ఇంకు లాగుతుంది. తిత్తి రబ్బరుది కాబట్టి ముప్ఫై నలభై ఏళ్లకు గట్టిపడడమో, తారులా కరిగిపోవడమో ఖాయం. అలాంటి పెన్ను దొరికితే చాలామంది ముందు మీట ఎత్తి చూస్తారు. వద్దు. లోపల తిత్తి రాయిలా ఉంటే మీటో, రేకో, పెన్ను గోడో, ఏదో ఒకటి విరుగుతుంది.

పాళీ పట్టుకుని ఉండే ముందుభాగాన్ని ఒళ్లు నుంచి విడదీయాలి. హెయిర్ డ్రయ్యర్‌తో చేతికి బాగా వేడి తగిలేంత వరకే వెచ్చబెట్టి, అటూ ఇటూ మెల్లగా ఊపుతూ లాగాలి. రాకపోతే మళ్లీ వెచ్చబెట్టాలి. బలం వాడకూడదు. పాత తిత్తి ముక్కలన్నీ గీకి తీసి కొత్తది ఎక్కించాలి. కొత్త తిత్తుల సైజు లెక్క కొంచెం తమాషాగా ఉంటుంది. 16 నంబరు అంటే అంగుళంలో 64 భాగాలు చేస్తే అందులో 16, అంటే పావు అంగుళం వ్యాసం. వెర్నియర్‌తో కొలిచి, పెన్ను లోపలికి పట్టే పొడవుకు కత్తిరించి, అతికించి, పైన టాల్కం పౌడరు రుద్ది లోపలికి పంపాలి.

అతికించేది మాత్రం లక్కతోనే. లక్కను స్పిరిటులో కరిగించిన ద్రావణం, చెక్క సామాను పాలిష్ పనివాళ్లు వాడేది, వందేళ్లుగా పెన్నుల వాళ్లు వాడేదీ అదే. మార్కెట్లో ఇంతకంటే గట్టి జిగుర్లు బోలెడున్నాయి. అయినా లక్కే ఎందుకంటే, అది కొద్ది వేడికి వదిలేస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఇంకెవరో ఈ తిత్తి మార్చాలి కదా, వాళ్లకు దారి ఉంచుతుంది.

అన్నట్టు, 1948 తర్వాత వచ్చిన పార్కర్ 51ల్లో తిత్తి రబ్బరుది కాదు, ఒక రకం ప్లాస్టిక్‌ది. డెబ్బై ఏళ్లు దాటినా చాలావాటిలో అది బాగానే ఉంటుంది. చల్లటి నీళ్లు పదిసార్లు లాగి వదిలితే రాయడం మొదలుపెడతాయి. వాటిని విప్పడమే తప్పు పని. ఏ పెన్నునైనా ముందు రెండు రోజులు నీళ్లతో కడిగి చూశాకే విప్పే ఆలోచన చేయాలి. ఎండిన ఇంకే చాలాసార్లు అసలు జబ్బు.

పాళీ గురించి క్లుప్తంగా చెబుతా, ఎందుకంటే అది రాసి నేర్పేది కాదు. వంగిన పాళీని భూతద్దం కింద గట్టి చెక్క మీద పెట్టి, నున్నటి ఉక్కు పుల్లతో కొద్దికొద్దిగా రుద్దుతూ దారికి తేవాలి. 14 క్యారెట్ల బంగారు పాళీ మాట వింటుంది. స్టీలుది స్ప్రింగులా వెనక్కి పోతుంది. బంగారు పాళీకి చీలిక వస్తే మామూలు నగలా టంకం పెడతానని ఎవరైనా అంటే ఇవ్వకండి. ఆ వేడికి పాళీలో బిగువు పోతుంది, కొసన అతికిన గట్టి లోహపు గుండు రాలిపోవచ్చు. ఆ గుండును ఇరీడియం అంటాం కానీ చాలా పాళీల్లో ఉండేది ఆస్మియం, రుథీనియం లాంటి లోహాల మిశ్రమం.

రాజమండ్రి లేత్ చెప్పే పాఠం

ముక్క పూర్తిగా పోతే? మూతే లేకపోతే? అప్పుడు కొత్తది చెక్కాలి. ఇక్కడ మన తెలుగువాళ్లకు ఒక అదృష్టం ఉంది. రాజమండ్రిలో కె.వి. రత్నం 1930ల మొదట్లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. నగల పని తెలిసిన చేతులవి. ఆయన చేసిన పెన్ను జె.సి. కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది. బజార్లో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి బదులుగా ఉందని మెచ్చుకుంటూ గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఆ కుటుంబం ఇప్పటికీ ఆ పనిలోనే ఉంది. అదే ఊళ్లో గైడర్ పెన్నుల వాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ అబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ కొన్ని తరాలుగా పెన్నులు అమ్ముతోంది, బాగుచేస్తోంది.

ఈ చేతిపని పెన్నుల్లో ఇంజినీరింగ్ విద్యార్థి గమనించాల్సిన విషయం ఒకటుంది. కాలేజీలో ఇంటర్‌ఛేంజబిలిటీ అని చదువుతాం. ఒకే నమూనా వస్తువుల భాగాలు ఒకదానికొకటి అమరాలి అని. చేతిపని పెన్నుల్లో చాలాసార్లు ఆ మాట చెల్లదు. ఎబొనైట్ కడ్డీని చిన్న లేత్ మీద చెక్కి, ఆ ఒంటికి ఆ మూతను అమరుస్తారు. పక్కనే ఉన్న అదే నమూనా పెన్ను మూత దీనికి సరిగా పట్టకపోవచ్చు. ఇది లోపం అనుకుంటాం. రిపేరు దగ్గరికి వచ్చేసరికి ఇదే బలం. ఫ్యాక్టరీ పెన్నుకు ముక్క కావాలంటే అదే రకం చచ్చిన పెన్ను ఇంకోటి వెతకాలి, అవయవదానం లాగా. చేతిపని పెన్నుకు కడ్డీ, లేత్, చెయ్యి తిరిగిన టర్నర్ ఉంటే చాలు.

"త్రీడీ ప్రింటింగ్ ఉంది కదా అన్నా" అని అడుగుతారు. టెక్నాలజీ మీద రాసే నేనే చెబుతున్నా, మూతకూ మరలకూ అది ఇంకా సరిపోదు. పొరలు పొరలుగా పోసిన ప్లాస్టిక్‌లో పొరల మధ్య నుంచి ఇంకు ఊరుతుంది, సన్నటి మరలు నాలుగు రోజులకే అరిగిపోతాయి. పెన్నును పగలకుండా పట్టుకునే బిగింపులు, పాళీ బయటికి కొట్టే దిమ్మెలు చేసుకోవడానికి మాత్రం అది బ్రహ్మాండంగా పనికొస్తుంది.

మరలే అసలు పరీక్ష. పెన్ను మూత ఒకటిన్నర తిప్పులో ఊడొస్తుంది, గమనించారా? ఒకే మర అయితే అంతకు మూడు నాలుగు రెట్లు తిప్పాలి. అందుకే మూడు నాలుగు మరలు పక్కపక్కన మొదలయ్యేలా కోస్తారు. పక్కపక్క గట్ల మధ్య దూరం 0.75 మిల్లీమీటర్లు, మొదళ్లు మూడు అనుకుందాం. ఒక్క తిప్పుకు మూత 2.25 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఇది తెలియకుండా షాపులో దొరికే మామూలు ట్యాప్ పెట్టి కోస్తే మూత పట్టదు సరికదా, ఒంటి మీద పాత మరలూ పోతాయి.

దీంతో బతకొచ్చా?

ఈ పేజీ చదివేవాళ్లు అడిగేది చివరికి ఇదే. సూటిగా చెబితే, పెబ్బేరులోనో వనపర్తిలోనో పెన్నుల రిపేరు బోర్డు పెట్టుకుని కూర్చుంటే ఇల్లు గడవదు. శనివారం సంతకు వచ్చేవాళ్లలో ఎంతమంది ఇంకు పెన్నుతో రాస్తున్నారు చెప్పండి? కానీ ఈ పనికి గిరాకీ ఊరిని బట్టి లేదు. పెన్ను కవర్లో పెట్టి కొరియర్ చేసేంత వస్తువు. అమెరికా, యూరప్‌లలో పాళీలు మాత్రమే సరిచేసే నిపుణులున్నారు, పెన్నుల ప్రదర్శనల్లో వాళ్ల బల్ల ముందు వరస కడతారు. తమిళనాడు తిరువళ్లూరులో చేత్తో చెక్కే రంగా పెన్నులు విదేశాలకు పోతున్నాయి.

నా ఉద్దేశంలో ఇది ఉద్యోగం పక్కన మొదలుపెట్టాల్సిన పని. ఐటీఐలో టర్నర్, ఫిట్టర్ ట్రేడ్ చేసినవాళ్లకు బీటెక్ వాళ్ల కంటే ఇందులో ముందంజ ఉంటుంది. లేత్ మీద నిలబడిన గంటలే ఇక్కడ లెక్క. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో చదువుకునే పిల్లలు లేత్ ప్రాక్టికల్‌ను రికార్డు రాసేయడంతో సరిపెట్టకుండా ఒక ఎబొనైట్ కడ్డీ తెప్పించుకుని చెక్కి చూడొచ్చు. ఇక్కడ నేర్చిన చేయి పాత గడియారాలకు, కెమెరాలకు, హార్మోనియాలకు కూడా పనికొస్తుంది.

ఒక్కటి మాత్రం మొదటిరోజు నుంచే పాటించాలి. చేసిన రిపేరును దాచొద్దు. ఎక్కడ అతికించారు, దేంతో అతికించారు, ఏ ముక్క కొత్తది అన్నది ఒక చీటీ మీద రాసి పెన్నుతో పాటే ఇవ్వాలి. పాత పెన్నుల బజారులో అతుకు కనబడకుండా పాలిష్ చేసి అసలు సరుకుగా అమ్మేవాళ్లు తక్కువేం కాదు. కొన్నవాడికి అది మూత చీలిన రోజున తెలుస్తుంది.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. పదింతలు చూపించే భూతద్దం, వెర్నియర్, హెయిర్ డ్రయ్యర్, పాళీ చీలికలో ఆడించడానికి సన్నటి ఇత్తడి రేకు, లక్క ద్రావణం, కాస్త సిలికాన్ గ్రీజు. నేర్చుకోవడానికి తాత పెన్ను వద్దు, చవకగా దొరికే చైనా హీరో 616లు నాలుగైదు తీసుకోండి, విప్పండి, బిగించండి. చేయి కుదిరాక సందుగలో పెన్ను దగ్గరికి రండి. తిత్తి లేకుండా ఒంట్లోకే ఇంకు పోసే రకమైతే ముందుభాగం మరలకు సిలికాన్ గ్రీజు పట్టించి బిగించండి. మొదట ఇంకు పోయొద్దు, నీళ్లు పోయండి. మరల దగ్గర టిష్యూ కాగితం చుట్టి, పెన్నును రాత్రంతా అడ్డంగా పడుకోబెట్టండి. పొద్దున కాగితం పొడిగా ఉంటే అప్పుడు ఇంకు నింపండి. తడిగా ఉంటే మళ్లీ విప్పండి.